వానపాములకు బూజు తెగులు రాలేదు, పచ్చి పేడ వేడి తగిలింది

ప్రశ్న: ఇంటి వెనుక రేకుల షెడ్డు కింద 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతున్న సిమెంటు తొట్టిని వానపాముల ఎరువు (వర్మీకంపోస్టు) తయారీకి కట్టించాను. మూడు వారాల క్రితం మా గేదెల పేడ, కూరగాయల తొక్కలు నింపి 2 కిలోల ఎర్ర వానపాములు వదిలాను. మూడో రోజుకే అవి గోడలెక్కి బయటకు వచ్చాయి. ఐదో రోజున పైన తెల్లగా బూజు కనిపించింది. మందుల దుకాణంలో అడిగితే బూజు తెగులు అన్నారు. కార్బండజిమ్ లీటరు నీటికి 2 గ్రాములు కలిపి పిచికారీ చేశాను. ఇప్పుడు సగానికి పైగా చనిపోయాయి. దారాల్లాంటి తెల్లని పురుగులూ కనిపిస్తున్నాయి. మందు మరోసారి కొట్టమంటారా?
– ఒక రైతు, తెనాలి ప్రాంతం, గుంటూరు జిల్లా

జవాబు: కొట్టవద్దు. మిగిలినవి కూడా పోతాయి. మీ వానపాములకు ఏ తెగులూ లేదు. మొదట వాటిని తరిమింది పచ్చి పేడ వేడి, తర్వాత చంపింది మీరు కొట్టిన మందు.

మూడో రోజుకే గోడలెక్కాయంటేనే విషయం తెలుస్తోంది. పచ్చి పేడను 2 అడుగుల మందాన నింపితే కుళ్లేటప్పుడు లోపల వేడి 50 డిగ్రీల దాకా పోతుంది, అమ్మోనియా ఘాటు కూడా వస్తుంది. వానపాములకు 20 నుంచి 30 డిగ్రీలు హాయి. 35 దాటితే పారిపోతాయి, దారి లేకపోతే చనిపోతాయి. దానికి తోడు పైన రేకులు.

తెల్ల బూజు తెగులు కాదు. పేడను, తొక్కలను కుళ్లబెట్టే శిలీంధ్రం అది. వానపాములకు దానివల్ల హాని లేదు, కుళ్లిన పదార్థంతో పాటు దాన్నీ తింటాయి. తెల్లని దారాల్లాంటివి కూడా తెగులు కాదు, వానపాములకు దగ్గరి జాతి చిన్న పురుగులే. తొట్టిలో తడి, పులుపు ఎక్కువయ్యాయని వాటి అర్థం. తొక్కలు వేయడం ఆపి, ఎండుటాకులు కలిపితే తగ్గుతాయి.

ఇక మందు సంగతి. కార్బండజిమ్ బెంజిమిడజోల్ వర్గానికి చెందిన శిలీంధ్రనాశిని. వానపాములకు ఈ వర్గం మందులు చాలా ప్రమాదకరం. పైగా ఆకుమచ్చ తెగులుకు పంట మీద కొట్టేటప్పుడే లీటరుకు 1 గ్రాము చాలు. మీ చేత 2 గ్రాములు కొట్టించారు. ప్యాకెట్ మీద ఏ పంటకు, ఏ తెగులుకు వాడాలో రాసి ఉంటుంది. అందులో లేనిదానికి దుకాణదారు చెప్పినా వాడకూడదు. తెల్లగా ఏది కనిపించినా శిలీంధ్రనాశిని, పాకేది ఏది కనిపించినా పురుగుమందు చేతిలో పెట్టే అలవాటు మన ఊళ్లలో పెరిగిపోయింది. ఎరువుల తొట్టికి కూడా పిచికారీ వచ్చిందంటే నాకు నిజంగా బాధగా ఉంది. రసాయనాలు తగ్గించుకోవాలనే కదా మీరు ఈ పని మొదలుపెట్టారు!

మీ ఉత్తరంలో రాయని విషయం ఒకటుంది. గేదెలకు ఈమధ్య నట్టల (కడుపులో పురుగుల) మందు తాగించారా? ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ కూడా ఇదే వర్గానివి, పేడలో బయటకు వస్తాయి. మందు తాగించాక రెండు వారాల పేడను వేరుగా పోయండి, వానపాములకు వాడకండి. పశువులకు నట్టల మందు మాత్రం మానకండి, అది అవసరమే.

ఇప్పుడు చేయవలసింది. బతికి ఉన్న పాములను ఈరోజే చేత్తో ఏరి, పాత పేడ, తడి ఎండుటాకులు ఉన్న బుట్టలో నీడన పెట్టండి. తొట్టిలోని సరుకంతా తీసేసి తొట్టిని రెండు మూడుసార్లు కడగండి. అడుగున నీరు పోయే రంధ్రం లేకపోతే పెట్టించండి. రేకుల కింద తాటాకు లేదా వరిగడ్డి పరిస్తే వేడి బాగా తగ్గుతుంది.

కొత్త పేడను నీడలో 15 నుంచి 20 రోజులు మగ్గనివ్వండి. రోజూ కాస్త నీరు చల్లుతూ, మూడు నాలుగు రోజులకోసారి తిరగవేయాలి. చేయి లోపలికి పెడితే వెచ్చదనం, ముక్కుకు ఘాటు తగలకూడదు. అప్పుడు కూడా అన్నీ ఒకేసారి వదలకండి. డబ్బాలో గుప్పెడు పేడ వేసి పది పాములు వదిలి ఒక రోజు చూడండి. అన్నీ లోపలికి దూరి బతికి ఉంటేనే మిగతావి వదలండి. పేడను ఇలా మగ్గనిచ్చి, ఈ పరీక్ష చేసి, మందు కొట్టకుండా ఉంటే మీ 2 కిలోలూ దక్కేవి.

తొట్టి అడుగున 3 అంగుళాలు కొబ్బరి పీచు లేదా చెరకు ఆకు, పైన మగ్గిన పేడ, ఎండుటాకులు కలిపి వేయండి. మొత్తం ఒకటిన్నర అడుగు మించకూడదు. తడి గోనె సంచులు కప్పండి. తొట్టిలోని పేడను పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే నీరు ఎక్కువైనట్టు. చీమలకు మందు చల్లకండి, తొట్టి చుట్టూ సన్నని నీటి కాలువ చాలు.

కొత్తగా పాములు కొనవద్దు. మీ తొట్టికి 2 కిలోలు సరైన లెక్కే, ఉన్నవాటితోనే రెండు మూడు నెలల్లో మళ్లీ పెరుగుతాయి. మొదటి నెల వంటింటి తొక్కలు రోజుకు అర కిలో మించకుండా, పేడ కింద కప్పి వేయండి. నిమ్మతొక్కలు, ఊరగాయలు, నూనె కూరలు, మిరప, మాంసం, చేపలు వద్దు. తప్పక కొనవలసి వస్తే కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి.

తొట్టి నుంచి తీసిన సరుకును కూరగాయ మడుల్లో వేయకండి, ఏ వానపాముల తొట్టిలోనూ కలపకండి. కార్బండజిమ్ నెలల తరబడి నిలుస్తుంది. బావికి, కాలువకు దూరంగా, కంచె చెట్ల మొదళ్లలో పలచగా పరిచి మట్టి కప్పండి.