మిరపలా కనిపిస్తుంది, మిరియం పేరు పెట్టుకుంది

ప్రశ్న: మా అబ్బాయి నర్సరీ నుంచి ఒక చిన్న కుండీ తెచ్చాడు. కాడ నిండా పచ్చిమిరపకాయల్లా వంపు తిరిగిన ఆకులు. అమ్మినతను ‘ఇది మిరియాల జాతి’ అన్నాడట. మా అత్తగారేమో ‘మిరప మొక్కని పట్టుకుని మిరియాలంటాడేమిటి’ అని నవ్వుతున్నారు. ఇప్పుడు కొసన ఎలుక తోకల్లాంటివి వచ్చాయి. వీటికి మిరియాలు కాస్తాయా? పైగా కింది ఆకులు పసుపెక్కి, మెత్తబడి రాలిపోతున్నాయి. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మినతను అబద్ధమాడలేదమ్మా. మీ అత్తగారు నవ్వడంలోనూ తప్పు లేదు. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది పెపెరోమియా ఫెరైరే, పెరూ దేశపు మొక్క. మిరియం, పిప్పలి, తమలపాకు ఒకే కుటుంబం కదా, ఇదీ ఆ ఇంటి పిల్లే. మిరపతో చుట్టరికం లేదు. మిరప బంధువులు వంకాయ, టమాటా.

ఆ తోకలే పూలకంకులు. ఆయుర్వేద దుకాణంలో ఒక పిప్పలి కొని పక్కన పెట్టి చూడండి, పోలిక తెలుస్తుంది. రేకుల్లేని పూలు, భూతద్దం ఉంటే తప్ప కనబడవు. కాయలు కాసినా ఇసుక రేణువులంతే.

పేరు సంగతి నాకు భలే ఇష్టం. 1794లో రూయిజ్, పవాన్ అనే స్పెయిన్ వృక్షశాస్త్రవేత్తలు పెట్టారు. గ్రీకులో ‘పెపెరి’ అంటే మిరియం. పెపెరోమియా అంటే మిరియాన్ని పోలినది. ఆ పెపెరి మన ‘పిప్పలి’ నుంచి వెళ్లిన మాటే! మనమేం తక్కువ తిన్నామా? అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో వచ్చిన కారపు కాయకి మిరియం పేరే తగిలించి మిరపకాయ అన్నాం.

ఇక మీ ఆకులు. గట్టిగా ఉన్న ఒక ఆకుని వెలుతురుకి పట్టి చూడండి. పైన పొడవునా అద్దంలాంటి గీత కనిపిస్తుంది. ఆకు నిలువుగా మడుచుకుపోయి, అడుగు భాగమే బయటికి వచ్చిందన్నమాట. ఆ గీతలోంచి వెలుగు లోపలి పచ్చదనానికి అందుతుంది. ఎండకి తగిలే భాగం తగ్గి, ఆకులో నీళ్లు నిలుస్తాయి. ఇంత ఏర్పాటు చేసుకున్న మొక్కకి మనం చెంబుతో పోస్తాం! నా మొదటి మొక్కని అలాగే చంపాను. శ్రావణమాసంలో వానకి వదిలేసి, పైన నేనూ పోశాను. నాలుగు రోజుల్లో ఉడికిన బెండకాయలా అయింది.

మీదీ అదే జబ్బులా ఉంది. ఆకుని వేళ్ల మధ్య నొక్కి చూడండి. గట్టిగా ఉంటే నీళ్లొద్దు. ముడతలు పడి మెత్తగా ఉండి, మట్టి కూడా పొడిగా ఉంటే పోయండి. మట్టి తడిగా ఉండగానే పసుపెక్కితే వేరు కుళ్లుతున్నట్టే. అప్పుడు కుళ్లు లేనిచోట కాడ కోసి, ఒక రోజు నీడన ఆరబెట్టి, సగం ఇసుక, సగం కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) కలిపిన చిన్న కుండీలో గుచ్చండి. పెద్ద కుండీ వద్దు, తడి ఆరదు. తూర్పు కిటికీ చాలు, మధ్యాహ్నపు ఎండ పనికిరాదు.

తోకలు ఎండాక తుంచేయండి. రసంలోకి మిరియాలు మాత్రం కొట్లోనే కొనుక్కోండి.