జీర ఎక్కడ మొదలవుతుందో విను

విజయవాడ

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. డాలస్‌లో మీ అన్నయ్య గిటార్ కోసం ఒక పాత వంద వాట్ల ట్యూబ్ యాంప్ హెడ్ (స్పీకరు లేకుండా యాంప్ ఒక్కటే ఉన్న పెట్టె) చూశాడనీ, బేరం బాగా కుదిరిందనీ, మీ బ్యాండు ఒక వారం బ్లూస్, ఇంకో వారం మెటల్ వాయిస్తుంది కాబట్టి పెద్దది కొంటే అన్నిటికీ పనికొస్తుందనీ రాశావు. డబ్బు ఇంకా కట్టలేదు కదా? కట్టకపోతే, ఈ ఉత్తరం నువ్వు చదవడం పూర్తయ్యేదాకా ఆగమని వాడికి చెప్పు.

ఏ శైలికి ఏ యాంప్ అని అడిగావు. నేను ముందు వేరే ప్రశ్న వేస్తాను. నువ్వు నిజంగా ఎంత శబ్దంతో వాయిస్తావు? హైదరాబాదులో అపార్ట్‌మెంటు, వారానికి రెండు రోజులు అద్దె రిహార్సల్ గది, నెలకొకసారి వంద మంది పట్టే హాలు. అంతేగా? అయితే నీ జవాబు సగం అక్కడే ఉంది.

ట్యూబ్ యాంప్‌ను, అంటే పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచేదాన్ని, జనం ఎందుకు ఇంకా మోస్తున్నారో గుర్తు చేసుకో. మైకులు లేని రోజుల్లో హరిదాసుగారు పైస్థాయి అందుకున్నప్పుడు గొంతులో సన్నటి జీర వచ్చేదని మా నాన్న చెప్పేవారు. ట్యూబ్ చేసేదీ అదే. శక్తికి మించి పలకమంటే అది ఒక్కసారిగా తెగిపోదు, మెల్లగా వంగుతుంది. ఆ వంపులోంచి జీర పుడుతుంది. నువ్వు వేలు తేలిక చేస్తే గొంతు మళ్ళీ శుభ్రపడుతుంది. ఆ సరిహద్దు మీద వాయించడం కోసమే ఈ బరువూ, ఈ వేడీ, ఈ ఖర్చూ. కాబట్టి కొనేటప్పుడు చూసుకోవలసింది ఒక్కటే: నువ్వు వాయించే శబ్దం దగ్గర ఆ యాంప్ గొంతు ఎలా ఉంది? అక్కడ శుభ్రంగా ఉండాలా, అంచు మీద ఉండాలా, పూర్తిగా గర్జించాలా అన్నది శైలి నిర్ణయిస్తుంది.

వంద వాట్ల హెడ్‌లో పవర్ ట్యూబులకు (స్పీకరును నడిపే చివరి ట్యూబులకు) చెమట పట్టాలంటే వాల్యూమ్ నాబ్ సగం దాటాలి. అంత శబ్దం నీ రిహార్సల్ గదిలో ఎవరూ భరించలేరు. ఇది అనుభవించి చెబుతున్నాను. బెంగళూరులో మరమ్మతు పని చేసే రోజుల్లో మోజుపడి అలాంటిదే ఒకటి కొన్నాను. మూడేళ్ళలో నాబ్ రెండు దాటలేదు. తడి గోనెపట్టా కప్పి వాయించినట్టు ఉండేది. దాన్ని అమ్మిన రోజున మీ అత్తయ్య పాయసం చేసింది.

వాట్ల లెక్క చెవికి వేరుగా ఉంటుంది. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, అంటే కాస్త పెరిగినట్టు తెలుస్తుంది. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతల వాట్లు కావాలి. వంద వాట్ల యాంప్ పది వాట్లదానికంటే పది రెట్లు కాదు, సుమారు రెండు రెట్లే గట్టిగా వినిపిస్తుంది. పదిహేను వాట్ల ట్యూబ్ యాంప్ డ్రమ్ముల పక్కన నిలబడగలదు. అయిదు వాట్లది పూర్తిగా తెరిచినా పక్క ఫ్లాటువాళ్ళు తలుపు కొడతారు.

ఇక శైలుల సంగతి. ఇక్కడ నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఒకటుంది. 1950లలో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ కంపెనీ బాస్ గిటార్ కోసం బాస్‌మన్ అనే యాంప్ చేసింది. పది అంగుళాల స్పీకర్లు నాలుగు, వెనక తెరిచిన పెట్టె. పశ్చిమ లండన్‌లోని హాన్వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్ముల మాస్టరుకు సంగీత వాయిద్యాల దుకాణం ఉండేది. అమెరికా సరుకు ఖరీదెక్కువ కాబట్టి, అలాంటిది ఇక్కడే చేయించండని గిటార్ కుర్రాళ్ళు ఆయన్ని అడిగారు. 1962 ప్రాంతంలో ఆయన దగ్గరి మనుషులు బాస్‌మన్ సర్క్యూట్‌నే దాదాపు దించేశారు. కాకపోతే బ్రిటన్‌లో దొరికే భాగాలు వేశారు. మొదటి ట్యూబ్ ఇంకాస్త ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) ఉన్నది. స్పీకర్లు సెలెస్టియన్ కంపెనీవి, పన్నెండు అంగుళాలవి నాలుగు, వెనక మూసేసిన పెట్టెలో. కాయితం మీద రెండూ అన్నదమ్ములు. వింటే ఒకటి గంటలా మోగుతుంది, ఒకటి గొంతు చించుకుంటుంది. తరవాత వాళ్ళు పవర్ ట్యూబులను కేటీ66కూ, ఆపైన ఈఎల్34కూ మార్చారు. ఈరోజు రాక్ గిటార్ అంటే మన చెవిలో మెదిలే ధ్వని అక్కడ పుట్టింది. 1966లో బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ జాన్ మేయాల్ బ్లూస్ బృందంతో రికార్డు చేసినప్పుడు స్టూడియోలో కూడా స్టేజీ మీద వాయించినంత గట్టిగానే వాయిస్తానని పట్టుబట్టాడు. ఆయనది పొగరనుకునేరు. జీర పుట్టే చోటు అంత పైన ఉంది, తగ్గిస్తే పోతుంది. (అప్పుడు ఆయన వాడిన మార్షల్ కాంబో, అంటే యాంప్, స్పీకర్లు ఒకే పెట్టెలో ఉన్నది, దాని పేరు మోడల్ 1962. అది సంవత్సరం కాదు, నంబరు. దానితో నా దగ్గర పందెం ఓడినవాళ్ళు చాలామంది.)

ఇది ఎందుకు చెబుతున్నానంటే, జనం ట్యూబుల పేర్లు బట్టీపట్టి స్పీకరును మరిచిపోతారు. ఒకే యాంప్‌కు వేరే స్పీకరు తగిలించి చూడు, ట్యూబులు మార్చినప్పటికంటే ఎక్కువ తేడా వినిపిస్తుంది. స్పీకరు మీద రాసే సెన్సిటివిటీ (ఒక వాటుకు ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో) 97 ఉన్నదాని బదులు 100 ఉన్నది పెడితే వాట్లు రెట్టింపు చేసినంత ఫలితం, కరెంటు ఖర్చు లేకుండా.

ట్యూబుల గుణాలు కూడా తెలిసి ఉండాలి. ఈఎల్84 నాకు చిన్ననాటి స్నేహితుడు. మా నాన్న రేడియో షాపులో పాత ఫిలిప్స్ సెట్లు విప్పితే అవుట్‌పుట్‌లో సన్నగా, వేలెడంత అదే కనిపించేది. మేము వాల్వు అనేవాళ్ళం. ఇంగ్లండులో వాక్స్ కంపెనీ దాన్ని గిటారుకు వాడింది. ఏసీ15లో రెండు, ఏసీ30లో నాలుగు. అభిమానుల కేకల్లో షాడోస్ బృందానికి పదిహేను వాట్లు చాలకపోవడం వల్లే ఏసీ30 వచ్చింది. బీటిల్స్ అవే వాడారు, క్వీన్ బృందంలో బ్రయన్ మే అవే వాడాడు. మెరుపు ఎక్కువ, తీగలు ఒక్కొక్కటీ గలగలమంటాయి, జీర త్వరగా వచ్చేస్తుంది. తీగలన్నీ కలిపి మోగించే పాటలకు అంతకంటే మంచిది నేను వినలేదు. కానీ బరువైన మెటల్‌కు అడుగు స్వరం వదులవుతుంది.

శుభ్రమైన గొంతు కావాలంటే, అంటే జాజ్, కంట్రీ, ఫంక్ లాంటివాటికి, 6ఎల్6 ట్యూబులున్న ఫెండర్ దారి పట్టాలి. ట్విన్ రివర్బ్ 85 వాట్లు. ఎంత పెంచినా మొహం చిట్లించదు. దాదాపు 30 కిలోలు ఉంటుంది. మీ అన్నయ్య విమానంలో తేవాలన్నా ఒక పెట్టెకు సాధారణంగా 23 కిలోలే ఒప్పుకుంటారు. నిజానికి జాజ్ వాళ్ళలో చాలామంది ట్యూబే లేని రోలాండ్ జేసీ-120 తోనూ హాయిగా బతికేశారు. శుభ్రమైన ధ్వని ఒక్కటే కావాలంటే ట్యూబ్ కోసం ప్రాణం పెట్టనక్కర్లేదు.

బ్లూస్‌కు మాత్రం ట్యూబే. అక్కడ చిన్న యాంప్ పెద్ద యాంప్‌ను ఓడిస్తుంది. 1950ల ఫెండర్ ట్వీడ్ డీలక్స్‌ను చూడు: 6వి6 ట్యూబులు రెండు, పదిహేను వాట్ల లోపు, రెక్టిఫయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చేది) కూడా ట్యూబే. గట్టిగా మీటగానే లోపల వోల్టేజి ఒక్క క్షణం కుంగి మళ్ళీ లేస్తుంది. చేతికి అది తెలుస్తుంది, స్వరం ఊపిరి పీల్చి పాడినట్టు ఉంటుంది. గిటార్ మీది వాల్యూమ్ నాబే అక్కడ నీ పెడల్ (కాలితో నొక్కి ధ్వని మార్చే పెట్టె). అదే గుణం మెటల్‌కు శత్రువు. అరచేతితో తీగలు అదిమి వేగంగా కొడుతున్నప్పుడు ఊపిరి పీలిస్తే దెబ్బ ఆలస్యంగా పడుతుంది.

మెటల్ గురించి నేను తక్కువే చెబుతాను, అది నా చెవి కాదు. అయితే లోపలి సంగతి తెలుసు. అక్కడ జీర పవర్ ట్యూబుల్లో కాదు, ముందుండే చిన్న 12ఏఎక్స్7 ట్యూబులను ఒకదాని వెనక ఒకటి పేర్చి పుట్టిస్తారు. మెసా బూగీ రెక్టిఫయర్, పీవీ 5150 ఆ కోవలోవి. పెద్ద వాట్లు అక్కడ జీర కోసం కాదు, అడుగు స్వరం బిగువుగా నిలబడడం కోసం. మాస్టర్ వాల్యూమ్ (జీర పుట్టాక చివరి శబ్దాన్ని మాత్రమే మార్చే నాబ్) తగ్గించినా ఆ గొంతు చాలావరకు మిగులుతుంది కాబట్టి, విచిత్రంగా, ఇంట్లో తక్కువ శబ్దంతో వాయించుకోవడానికి క్లాసిక్ రాక్ యాంప్ కంటే మెటల్ యాంపే నయం. అలాంటిది కొంటే వెనక ఎఫెక్ట్స్ లూప్ (జీర పుట్టిన తరవాత పెడల్ తగిలించే చోటు) ఉందో లేదో చూసుకో. లేకపోతే ప్రతిధ్వని ఇచ్చే డిలే పెడల్ జీరకు ముందు పెట్టాల్సివచ్చి అంతా బురద అవుతుంది.

నువ్వు అప్పుడప్పుడు కల్యాణి, మోహన వాయిస్తానన్నావు కదా. పాలకొల్లు నుంచి వచ్చిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకం పలికించి చూపించాడు. తీగ మోత ఎక్కువసేపు సాగడానికి కొంచెం జీర సాయపడుతుంది. మరీ ఎక్కువైతే అన్నీ ఒకే ఎత్తులో పలుకుతాయి, గమకంలో సన్నబడే చోటు చెరిగిపోతుంది. అంచుకు ఇవతలే ఉండు.

ఇంతా చెప్పాక నా మాట ఇది. నీకు ఇరవై వాట్లకు అటూ ఇటూ, 6వి6 ట్యూబులు, పన్నెండు అంగుళాల స్పీకరు ఒకటి. డీలక్స్ రివర్బ్ తరహా అనుకో. అది 22 వాట్లు, 19 కిలోలు. రిహార్సల్ గదిలో నాబ్ నాలుగు దాటాక బ్లూస్ జీర వస్తుంది. ముందు ట్యూబ్ స్క్రీమర్ లాంటి, జీర పెంచే పెడల్ పెడితే రాక్ వస్తుంది. మెటల్ పాటలు రెండో మూడో ఉంటే ఇంకో డిస్టార్షన్ పెడల్‌తో గడుస్తుంది. మీ కచేరీలో సగం పైన మెటల్ అయితే నా మాట వినకు, రెండు చానళ్ళ (శుభ్రమైన గొంతు ఒకటి, జీర గొంతు ఒకటి) మాస్టర్ వాల్యూమ్ యాంప్ కొనుక్కో.

ఏది కొన్నా నీ గిటారే తీసుకెళ్ళి చూడు. షాపు గిటార్ మీద విన్నది ఇంటికి రాదు. పది నిమిషాలు వేడెక్కనీ. టోన్ నాబులన్నీ మధ్యలో పెట్టి, రివర్బ్ (ప్రతిధ్వని) తీసేసి, ఒకే చిన్న పలుకును మూడుసార్లు వాయించు: వేలితో మెత్తగా, పిక్‌తో మామూలుగా, పిక్‌తో కసిగా. మూడూ మూడు మాటలుగా వినిపించాలి. వాల్యూమ్ ఒక్కో అంకె పెంచుతూ జీర మొదలైన అంకె రాసుకో. పక్కన డ్రమ్ములు ఉన్నట్టు ఊహించుకుని, ఆ అంకె నీకు అందుబాటులో ఉందా అని ఆలోచించు. తరవాత వాయించడం ఆపి, పెన్సిల్ రబ్బరు కొసతో ముందు ట్యూబులను మెల్లగా తట్టు. టక్ మని చిన్న చప్పుడు మామూలే. గంట కొట్టినట్టు మోగితే ఆ ట్యూబ్ మార్చాలి. దాని పేరు చెప్పి ధర తగ్గించమను, భయపడి వదులుకోనక్కర్లేదు. పవర్ ట్యూబుల్లో నారింజ రంగు వెలుగు సహజం. లోపలి బూడిద రంగు రేకే ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపించు.

జాగ్రత్తలు రెండే. స్పీకరు తగిలించకుండా ట్యూబ్ యాంప్‌ను ఎప్పుడూ వాయించకు. తొందరలో ఒకసారి నేనే ఆ పని చేసి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాల్చుకున్నాను. స్పీకరు పెట్టె మీద 8 ఓములని ఉంటే యాంప్ వెనక మీటా 8 మీదే ఉండాలి. రెండోది, నువ్వుగా ఎప్పుడూ విప్పకు. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టులు నిలవ ఉండొచ్చు, అవి ప్రాణం తీస్తాయి.

అమెరికా సరుకు అయితే ఇంకో మెలిక. అక్కడ 120 వోల్టులు, మనకు 230. ఒకసారి ఒకాయన అక్కడినుంచి తెచ్చినదాన్ని నేరుగా గోడకు పెట్టాడు. ఫ్యూజు పోయింది. బాగా చూసుకోవాల్సింది పోయి, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి మళ్ళీ ఆన్ చేశాడు. నా బల్ల మీదికి వచ్చేసరికి ట్రాన్స్‌ఫార్మర్ మీది వార్నిష్ కారి గడ్డకట్టి ఉంది, మూత తీయగానే కాలిన లక్క వాసన. 230ని 120కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు యాంప్ వెనక రాసిన విద్యుత్ ఖర్చుకు కనీసం రెట్టింపు సామర్థ్యమున్నది కొను. ఎర్తింగ్ సరిగ్గా ఉన్న మూడు పిన్నుల సాకెట్టులోనే పెట్టు.

ఆ వంద వాట్ల బేరం వదిలేయమను. అక్కడే ఏదైనా చిన్నది దొరికితే, డబ్బు ఇచ్చేముందు వెనక పలక ఫోటో తీసి నాకు పంపమను. వోల్టేజి ఏమని రాసి ఉందో, ఫ్యూజు మూత అసలుదో కాదో, మూలల్లో తుప్పు ఉందో లేదో కనిపించేలా. వాడు నొచ్చుకుంటే నన్ను తిట్టుకోమను, ఆదివారం సాయంత్రం ఫోను చేస్తాను.

మీ మామయ్య