డిజైన్ కోర్సు కోసం మెషీన్ మాన్పించాలా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పాసై చర్లపల్లిలో ఒక చిన్న మెషీన్ షాపులో చేరాడు. మాస్టర్‌క్యామ్ అనే సాఫ్ట్‌వేర్‌లో కంప్యూటర్‌తో నడిచే మెషీన్లకు ప్రోగ్రాములు వేయడం నేర్చుకున్నాడు. ఈమధ్య పార్టుల త్రీడీ మోడళ్లు కూడా అందులోనే చేస్తున్నాడు. 'డిజైనంటే ఇదే, వేరే కోర్సు అక్కర్లేదు' అంటాడు. మా షడ్డకుడి కొడుకు ఆరు సాఫ్ట్‌వేర్లు నేర్పే కోర్సు చేసి డిజైన్ ఇంజినీరయ్యాడు, ఏసీ గదిలో పని. మావాడు ఇంటికొస్తే చొక్కా నిండా నూనె మరకలే. పని మాన్పించి అమీర్‌పేటలో ఆ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. లక్ష పైనే అవుతుంది, అప్పు చేయాలి. రెండింటిలో ఏది మేలు? లేక బీటెక్ రెండో ఏడాదిలో చేరడానికి ఈసెట్ రాయించమంటారా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీ ఉత్తరంలో షడ్డకుడి కొడుకు ఉన్నాడు, ఏసీ గది ఉంది, నూనె మరకలున్నాయి. మీవాడు ఏ పార్టులు చేస్తున్నాడో, ఆ పని వాడికి నచ్చుతోందో లేదో మాత్రం ఒక్క ముక్క లేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. సాఫ్ట్‌వేర్ పేర్లే మారుతుంటాయి. లోపల ఉండే టెన్షన్ ఒకటే: నలుగురిలో మావాడు ఫలానా పని చేస్తున్నాడని ఎలా చెప్పుకోవాలి? దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు 'డిజైన్ ఇంజినీర్' అంటే ఒక చూపు, 'షాపులో మెషీన్ మీద' అంటే ఇంకో చూపు. కానీ ఆ దిగులు మీది, వాడిది కాదు. దాన్ని తీర్చుకోవడానికి వాడి చేతిలో ఉన్న పని మాన్పించి, పైగా అప్పు చేస్తానంటే ఊరుకోలేను.

ఇక మీవాడి మాటకొద్దాం. సగం నిజమే.

షాపులో ప్రోగ్రామర్ రోజూ చేసేదేమిటో చూడండి. కస్టమర్ దగ్గర్నుంచి స్టెప్ ఫైల్, అంటే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే త్రీడీ మోడల్ ఫైల్, వస్తుంది. దాన్ని తెరిచి, కోసే టూల్‌కు అడ్డొచ్చే రంధ్రాలను మోడల్‌లో పూడ్చేస్తాడు. జాబ్‌ను, అంటే కోయాల్సిన లోహపు ముక్కను, వైస్‌లో ఎలా బిగించాలో ఆలోచించి, దాని ఆకారానికి సరిపడే సాఫ్ట్ జాస్‌ను (వైస్ దవడలను) తనే మోడల్ చేస్తాడు. డ్రాయింగ్‌లో 40 మిల్లీమీటర్లు రాసి, పైకి సున్నా, కిందికి 0.1 అని టాలరెన్స్ (కొలతలో తేడాకు ఇచ్చే హద్దు) ఇచ్చారనుకోండి. మోడల్ 40 మీదే ఉంటుంది. దాన్ని ఆ హద్దుల మధ్యకు, 39.95కు మార్చుకున్నాకే టూల్‌పాత్ (టూల్ నడిచే దారి) వేస్తాడు. త్రీడీ మోడలింగ్ అంటే ఇదంతా కూడా. నాలుగు గోడల మధ్య కూర్చుని నేర్చుకుంటే ఈ ఆలోచన అంత తొందరగా రాదు.

ఇంకొకటి చెబుతాను. ఒక బ్లాకులో 30 మిల్లీమీటర్ల లోతున చదరపు పాకెట్ (గుంత) తీయాలి. కొత్తగా డిజైన్ నేర్చినవాడు లోపలి మూలలను కత్తితో కోసినట్టు గీసేస్తాడు, స్క్రీన్ మీద భలేగా ఉంటుంది. దాన్ని కోసే టూల్ ఎండ్‌మిల్ తిరిగేది గుండ్రంగా. 10 మిల్లీమీటర్ల టూల్‌తో తీస్తే మూలలో కనీసం 5 రేడియస్ మిగులుతుంది. 2 రేడియస్ చాలనుకుంటే 4 మిల్లీమీటర్ల టూల్ కావాలి. అంత సన్నటి టూల్ 30 లోతుకు దిగాలంటే హోల్డర్ నుంచి బాగా పొడవుగా బయటికి రావాలి, అప్పుడది వణుకుతుంది, ఒక్కోసారి పుటుక్కున విరుగుతుంది. మూల నిజంగా చదరంగానే ఉండాలంటే ఈడీఎంకు, అంటే విద్యుత్ స్పార్కులతో లోహాన్ని తొలిచే మెషీన్‌కు పంపాలి. అదో ఖర్చు, అదో ఆలస్యం. మీవాడు ఇలాంటి టూల్ ఒక్కటి విరగ్గొట్టి ఉన్నా, ఇకమీదట ఏ మూలా రేడియస్ లేకుండా గీయడు.

మిగతా సగంలో వాడు పొరబడుతున్నాడు. మాస్టర్‌క్యామ్ 1980లలో అమెరికాలో పుట్టింది మెషీన్‌కు దారి చూపడానికి. మోడలింగ్ అందులో ఉంది, షాపు అవసరానికి బాగానే ఉంది. కానీ ఇరవై పార్టులు కలిసే ఒక ఫిక్స్చర్‌నో (జాబ్‌ను పట్టి ఉంచే అమరిక) పంపునో మొదటి నుంచి డిజైన్ చేయాలంటే ఇబ్బంది మొదలవుతుంది. ఉదాహరణకు ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే అంచు) మీద బోల్టుల వృత్తం 80 నుంచి 84 మిల్లీమీటర్లు చేయమని, రంధ్రాలు ఆరు కాదు ఎనిమిది కావాలని కస్టమర్ అడుగుతాడు. సాలిడ్‌వర్క్స్‌లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పద్ధతిగా కట్టిన మోడల్ అయితే రెండు అంకెలు మారిస్తే చాలు, జతపడే పార్టూ అసెంబ్లీ డ్రాయింగూ దాని వెంట మారతాయి. బయటినుంచి వచ్చిన స్టెప్ ఫైల్‌కు ఏది ఎలా కట్టారనే చరిత్ర ఉండదు, అది ముద్దగా వస్తుంది. దాన్ని నొక్కీ లాగీ మార్చుకోవచ్చు గానీ దాని వెంట ఇంకేదీ మారదు. కాబట్టి డిజైన్ వైపు వెళ్లాలనే ఉంటే వాడికి ఒక డిజైన్ ప్యాకేజీ రావాలి. ఒకటి చాలు. సాలిడ్‌వర్క్స్ అయితే ఇంకో సౌకర్యం, దాని లోపలే నడిచే మాస్టర్‌క్యామ్ కూడా ఉంది. నేర్చుకున్నది వృథా కాదు.

ఇప్పుడు ఆ ఆరు సాఫ్ట్‌వేర్ల కోర్సు. నా అనుమానాలన్నీ దీని మీదే. క్యాటియా, ఎన్‌ఎక్స్, క్రియో, సాలిడ్‌వర్క్స్, ఆటోక్యాడ్, చివర్లో తోకలాగా, పార్టు బలాన్ని లెక్కగట్టే ఆన్సిస్. నాలుగైదు నెలల్లో ఆరూ! వంట రానివాడికి ఆరు కంపెనీల మిక్సీలు కొనిచ్చినట్టుంటుంది. స్కెచ్ గీసి దాన్ని మందంగా లేపే పనిని క్యాటియాలో ప్యాడ్ అంటారు, సాలిడ్‌వర్క్స్‌లో ఎక్స్‌ట్రూడ్ అంటారు. బటన్ వేరు, పని ఒకటే. ఒకటి లోతుగా వచ్చినవాడు రెండోదానికి కొద్ది వారాల్లో అలవాటు పడతాడు. ఆరూ పైపైన చూసినవాడికి ఏదీ రాదు. రెజ్యూమెలో ఆరు పేర్లూ బారుగా ఉంటాయి. ఇంటర్వ్యూలో 25 హెచ్7 (25 మిల్లీమీటర్ల రంధ్రానికి టాలరెన్స్ గుర్తు) అని రాసి ఉన్న డ్రాయింగ్ చేతికిచ్చి 'ఈ బోర్ ఎంత వరకు ఉండొచ్చు?' అని అడిగితే నోరు పెగలదు. 25.000 నుంచి 25.021 వరకు అని చెప్పడానికి సాఫ్ట్‌వేరే అక్కర్లేదు. ఆ తేడా ఇరవై ఒక్క మైక్రాన్లు, అది ఎంత ఇరుకో బోర్ గేజ్ (రంధ్రాన్ని కొలిచే పరికరం) పట్టుకున్నవాడికి తెలుస్తుంది. మీవాడికి ఈపాటికే తెలిసి ఉంటుంది, అడిగి చూడండి.

ఇంకో మాట, ఏ ఆఫీసులో ఏ సాఫ్ట్‌వేర్ వాడాలనేది చాలాసార్లు వాళ్ల కస్టమరే తేలుస్తాడు. విమానాల పని చాలాచోట్ల క్యాటియాలో నడుస్తుంది. కోర్సులో ఏది నేర్పారన్నది వాళ్లకు పట్టదు. 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అనే బోర్డు చూసి మురిసిపోకండి. ఆ నూరులో మెషీన్లతో పనే లేని, కంప్యూటర్ ముందు పాత డ్రాయింగులు తిరగగీసే ఉద్యోగాలూ కలిసి ఉంటాయి. ఏసీ ఉంటుంది, నిజమే. నేర్చుకునేదే తక్కువ. మీ షడ్డకుడి కొడుకు రోజంతా ఏం చేస్తున్నాడో ఎప్పుడైనా అడిగారా?

అలాగని షాపులన్నీ స్వర్గాలని చెప్పను. చిన్న షాపుల్లో జీతం తక్కువ, షిఫ్టులు పొడుగు. కొందరు యజమానులు కుర్రాళ్లను ఏళ్ల తరబడి జాబ్ పెట్టి, తీసి, పచ్చ బటన్ నొక్కే పనిలోనే ఉంచేస్తారు. మీవాడికి ప్రోగ్రామ్ వేయనిస్తున్నారంటే ఆ గండం దాటినట్టే. మొదటి పీసు తనే సెట్ చేసి, కొలిచి, తేడా వస్తే మెషీన్‌లో ఆఫ్‌సెట్ (కొలత సవరణ) దిద్దుకునే అవకాశం ఇస్తున్నారా అన్నది తెలుసుకోండి. ఇస్తుంటే, కనీసం ఇంకో ఏడాది అక్కడినుంచి కదపకండి. ఇవ్వకపోతే షాపు మారాలి, వృత్తి కాదు.

భవిష్యత్తు గురించి మరీ బెంగ వద్దు. బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు, ఆదిభట్ల… ఒక్క హైదరాబాద్ చుట్టూనే ఎంత పనుందో చూడండి. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలేజ్‌లు (ప్రధాన చట్రాలు) తయారవుతున్నాయి. ఇక్కడ కాకుంటే హోసూరు, బెంగళూరులోని పీణ్య, కోయంబత్తూరు, పుణె. ఆపరేటర్ నుంచి సెట్టర్ (మెషీన్‌ను పనికి సిద్ధం చేసేవాడు), సెట్టర్ నుంచి ప్రోగ్రామర్, అక్కడినుంచి ఫిక్స్చర్ డిజైన్, టూల్ డిజైన్. మెల్లగా అయినా ఈ మెట్లు ఎక్కినవాళ్లున్నారు. సాఫ్ట్‌వేర్ తనంతట తనే టూల్‌పాత్ వేసే రోజులు వచ్చేస్తున్నాయి కదా అంటారేమో. వేయనివ్వండి. జాబ్ ఎక్కడ పట్టుకోవాలి, మొదటి పీసు ఎందుకు పాడైంది అని తేల్చేవాడు అప్పుడూ కావాలి.

ఈసెట్ సంగతి మీకు తెలిసిందే, దాని మీద సమయం వృథా చేయను. చదవాలని వాడికుంటే రాయనివ్వండి. బీటెక్ ఉంటే కొన్ని కంపెనీల తలుపులు తెరుచుకుంటాయన్నది కాదనలేం. మీ పోరు పడలేక రాస్తే మాత్రం మూడేళ్లూ బండి ఈడ్చినట్టే ఉంటుంది.

కోర్సు పెట్టించాలనే ఉంటే ముందు బాలానగర్‌లోని సీఐటీడీలో (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్) అడగండి. 1968 నుంచి టూల్ డిజైన్ నేర్పుతున్న కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్), క్యామ్ (మెషీన్‌కు ప్రోగ్రాములు వేయడం) మీద కోర్సులున్నాయి, పక్కనే వర్క్‌షాపూ ఉంది. చర్లపల్లి పని మానకుండా కుదిరే బ్యాచ్ ఉందేమో మీవాడినే వెళ్లి కనుక్కోమనండి. ఈలోగా ఇంట్లో సాధన చేసుకోవడానికి ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఫ్యూజన్ అనే ఇంకోదానికి కూడా సొంతంగా నేర్చుకునేవాళ్ల కోసం పరిమితులతో ఉచిత వెర్షన్ ఉంది. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దని చెప్పండి.

ఇంత చెప్పినా అమీర్‌పేటే అంటారా? సరే. ఫీజు కట్టేముందు మీవాడిని వెంట తీసుకెళ్లండి. షాపులో పనికొచ్చిన పాత డ్రాయింగ్ ఏదైనా, యజమానిని అడిగి, ఒకటి పట్టుకెళ్లమనండి. దాన్ని అక్కడి ఫ్యాకల్టీ ముందు పెట్టి, దీన్ని మోడల్ చేయడమే కాదు, ఏ వైపు పట్టుకుని ఏ టూల్‌తో మొదలుపెట్టాలో కూడా చెప్పమని మీవాడినే అడగనివ్వండి. మీరు పక్కన కూర్చుని వినండి. జవాబు సరిగ్గా ఉందో లేదో తేల్చేది వాడు, డబ్బు కట్టాలో వద్దో కూడా వాడినే తేల్చనివ్వండి.