అందరి చేతుల్లో కెమెరా ఉన్నప్పుడు మా అబ్బాయికి పనెవరిస్తారు?

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. ఫోటోగ్రఫీయే నేర్చుకుంటానని పట్టుబడుతున్నాడు. మావారికి కావలిలో స్టూడియో ఉండేది. డిజిటల్ వచ్చాక ఒక దెబ్బ, సెల్‌ఫోన్లు వచ్చాక ఇంకో దెబ్బ తగిలి మూసేశాం. హైదరాబాద్‌లో ఒక సంస్థ డ్రోన్‌తో కలిపి ఏడాది కోర్సు, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. అందులో చేర్చాలా, బీటెక్‌లో చేర్చాలా? (ఒక తల్లి, కావలి)

జవాబు: అమ్మా, మీరడిగింది కోర్సు గురించే కానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అది కాదు. తండ్రికి జరిగిందే కొడుక్కీ జరుగుతుందేమోనన్న భయం. ముందు దానికి జవాబు చెప్తాను.

స్టూడియో మూతపడటంలో మీవారి చేతకానితనం ఏమీ లేదు. మొదటి డిజిటల్ కెమెరా పుట్టిందే కొడాక్‌లో, 1975లో. స్టీవెన్ సాసన్ అనే ఇంజినీరు తయారుచేశాడు. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. దాన్ని చేతిలో పెట్టుకుని కూడా ఏళ్ల తరబడి రీళ్ల లాభాన్నే నమ్ముకున్న ఆ కంపెనీ 2012లో దివాలా పిటిషన్ వేసింది. వాళ్లకే తప్పనిది కావలి బజార్లో ఒక స్టూడియోకి తప్పుతుందా? ఆ సంగతి మీ ఇంట్లో ఇంకా దెప్పిపొడుపుగా వస్తుంటే మానేయండి, పిల్లవాడు వింటుంటాడు.

అప్పట్లో రీలుకి 36 ఫోటోలు. జీలకర్ర బెల్లం దగ్గర ఇన్ని, తాళి దగ్గర ఇన్ని అని లెక్కేసుకుని నొక్కేవారు. తప్పు జరిగితే రీలు కడిగాక గానీ తెలిసేది కాదు. ఇప్పుడు నొక్కడానికి ఖర్చు లేదు, అందుకే ఉత్త నొక్కుడుకి డబ్బులూ లేవు. డబ్బులిచ్చేది వెలుగు సర్దడానికి, వేల ఫోటోల్లోంచి ఆల్బమ్‌కి పనికొచ్చేవి ఏరడానికి, రంగులు సరిచేయడానికి, ఫైళ్లు పోకుండా రెండుచోట్ల దాచి చెప్పిన తేదీకి ఇవ్వడానికి. మండపంలో ఒక పక్క పసుపు లైటు, ఇంకో పక్క ఊదా ఎల్‌ఈడీ ఉంటాయి. సెన్సర్ పట్టిందంతా కుదించకుండా దాచే ‘రా’ (RAW) ఫైల్లో తీస్తే ఆ రంగులు చాలావరకు దారికొస్తాయి. కానీ వెంకటగిరి చీర జరీ మీద వెలుగు ఎక్కువై తెల్లగా పోయిందంటే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేదు. నెగెటివ్ రీలైతే అలాంటి పొరపాటు కాస్త ఓర్చుకునేది, డిజిటల్ సెన్సర్ ఓర్చుకోదు. ఈ విషయం మీవారికి చెప్పి చూడండి, ఆయనకి వెంటనే అర్థమవుతుంది. ఆయన విద్యలో సగం ఇవాళ్టికీ చెల్లుతుంది.

ఫోన్ మింగేసింది పుట్టినరోజు ఫోటోలని, పాస్‌పోర్టు ఫోటోలలో చాలావాటిని. చీమకుర్తి గ్యాలక్సీ గ్రానైట్ పలకని ఫోన్‌తో తీసి చూడమనండి. పాలిష్ పట్టిన రాయి అద్దమే, తీసేవాడి బొమ్మే అందులో పడుతుంది. ఆ బంగారు చుక్కలు మెరవాలంటే లైటు ఏ వాలులో పడాలో తెలియాలి. ఉదయగిరి చెక్క చెంచాలు ఆన్‌లైన్‌లో అమ్మాలన్నా చెక్క అసలు రంగు ఫోటోలో రావాలి. ఇలాంటి పని తెలిసినవాళ్లు మన జిల్లాల్లో ఇంకా కావాలి.

ఇక ఆ ఏడాది కోర్సు. నాకు దాని మీద నమ్మకం కుదరడం లేదమ్మా. కెమెరా మీటలు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్పి పంపేస్తే అవి ఎన్నాళ్లు నిలుస్తాయి? వరసగా తీసిన ఫోటోలు కలిపి ఒకటి చేయడం, ముఖం మీద మచ్చలు తీయడం ఫోన్లే చేస్తున్నాయి. ఏరడం కూడా ఏఐ కొంత చేస్తోంది. రీళ్లు కడిగే ల్యాబ్ పోయినట్టే ఆ మీటల చదువూ పోతుంది. డ్రోన్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని డబ్బు తీసుకునే పనికి ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. దానికి పద్దెనిమిదేళ్లు నిండాలి, పదో తరగతి పాసవ్వాలి, విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థలోనే శిక్షణ తీసుకోవాలి. ఆ అనుమతి కాగితం చూపించమనండి. చూపించకపోతే ఆ డ్రోన్ ఫీజుకి అర్థమేముంది?

బీటెక్ అంటారా, వాడికి ఇష్టముంటే మంచిదే. లేకుండా చేర్పిస్తే వాడికి బ్యాక్‌లాగులు, మీకు అప్పులు. కోపం తెచ్చుకోకండి, ఒకటి అడుగుతాను. వాడు తీసిన ఫోటోలు మీరెప్పుడైనా కూర్చుని చూశారా? స్టూడియో సంగతి రాశారు, కోర్సు గురించి రాశారు, అబ్బాయి ఎలా తీస్తాడో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అది తెలియకుండా వాడి జీవితం గురించి నన్నెలా తేల్చమంటారు?

కావలిలోనో నెల్లూరులోనో ఏదో ఒక డిగ్రీలో చేరనివ్వండి. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీకి వెళ్లాలన్నా డిగ్రీ కావాల్సిందే. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఫోటోగ్రఫీ బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ఉంది. కాకపోతే రాష్ట్ర విభజనప్పుడు పెట్టిన ఉమ్మడి ప్రవేశాల పదేళ్ల గడువు 2024 జూన్‌తో అయిపోయింది కాబట్టి స్థానికత నిబంధనలు నోటిఫికేషన్‌లో చూసుకోండి. ముహూర్తాల రోజుల్లో ఊళ్లో పనిచేసే ఫోటోగ్రాఫర్ వెంట లైట్లు మోయడానికి పంపండి. రాత్రంతా నిలబడి పొద్దున్నే ఫైళ్లు ఎక్కించగలడో లేదో ఒక సీజన్‌లో తేలిపోతుంది. వాయిదాల మీద ఖరీదైన కెమెరా ఇప్పుడే వద్దు. ఆ సంస్థలో నిరుడు చదివిన ఇద్దరితో వాడే స్వయంగా మాట్లాడి, వాళ్లు ఇప్పుడేం పని చేస్తున్నారో కనుక్కునేదాకా సీటు పోతుందని ఎంత తొందరపెట్టినా అడ్వాన్సు కట్టకండి.