చాంబర్ విప్పే ముందు ఇది చదువు, చిన్నా

ఒరేయ్ చిన్నా,

నిన్న వదిన ఫోన్ చేసింది. "మీవాడు కారు కొన్నాడు, దాని కింద దూరి ఇంజిన్‌లో ఏదో మారుస్తాడట, నువ్వైనా చెప్పు బాబూ" అంది. ఏం కారు వదినా అంటే "ఏమో, రెండు తలుపులది, గోల ఎక్కువ" అంది. రాత్రి నీ మెసేజ్ చూశాక గానీ అసలు సంగతి తెలియలేదు. బీఎండబ్ల్యూ ఈ92 ఎం3. నాలుగు లీటర్ల వీ8, 8 వేల ఆర్‌పీఎం దాటి తిరిగే ఇంజిన్. దాని రాడ్ బేరింగులు, అంటే పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్ల అడుగున ఉండేవి, నువ్వే మారుస్తానంటున్నావు. గర్వపడ్డాను రా, నిజం. తర్వాత నిద్ర పట్టలేదు, అదీ నిజమే. తెల్లారే లేచి ఇది మొదలుపెట్టాను.

చిన్నవి ముందు చెప్పేస్తాను. జాకీ మీద ఉన్న కారు కిందకి వెళ్లకు, నాలుగు స్టాండ్లూ పెట్టి, కారుని చేత్తో ఊపి చూసి, అప్పుడు దూరు. బ్యాటరీ తీసెయ్. వర్క్‌షాప్ మాన్యువల్ పక్కన పెట్టుకో, ఫోన్లో వీడియో ఒక్కటీ సరిపోదు. నీ కారులో చాంబర్, అదే ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, దిగాలంటే ముందున్న సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్ కింద ఉండే చట్రం) దించాలి, ఇంజిన్‌ని పైనుంచి బార్‌తో వేలాడదీయాలి. ఆ బార్ అద్దెకైనా తెచ్చుకో, చెక్కముక్కల మీద ఇంజిన్ నిలబెట్టి ఫోటో పంపావంటే మాత్రం నీతో మాట్లాడను.

ఇక బేరింగ్ సంగతి. రాడ్‌కీ, పిస్టన్ల కదలికని తిరుగుడుగా మార్చే క్రాంక్‌కీ మధ్య ఉండేది రెండు సగం చిప్పలు, అంతే. వెనక ఉక్కు, ముందు మెత్తటి లోహం. ఇంజిన్ తిరిగేటప్పుడు క్రాంక్ ఆ చిప్పకి తగలకూడదు, ఆయిల్ పొర మీద తేలాలి. బరువు బాగా పడినప్పుడు ఆ పొర వెంట్రుక మందంలో పదోవంతు కూడా ఉండదు. ఆయిల్ తగ్గినా, దుమ్ము దూరినా, పెట్రోలో కూలెంటో కలిసినా, చల్లటి ఇంజిన్‌ని రేజ్ చేసినా ఆ పొర తెగుతుంది. స్పోర్ట్స్ కార్లకి ఇంకోటి కూడా ఉంది: పొడుగాటి మలుపులో గట్టిగా తిప్పినప్పుడు చాంబర్‌లో ఆయిల్ అంతా ఒక పక్కకి పోయి, పంపు గాలి పీలుస్తుంది. ఒక్క సెకను చాలు. రేసు కార్లలో డ్రై సంప్, అంటే ఆయిల్‌కి విడిగా ట్యాంకు, పెట్టేది అందుకే. మామూలు చాంబర్‌లో అడ్డురేకులు పెట్టేదీ అందుకే.

నీ ఇంజిన్‌లో చిప్పకీ క్రాంక్‌కీ మధ్య సందు మొదటి నుంచీ బిగువుగానే ఉందని చాలామంది మెకానిక్‌ల మాట. పాత లెక్క ఒకటుంది, జర్నల్ (క్రాంక్ మీద చిప్పలు కూర్చునే గుండ్రటి భాగం) వ్యాసంలో వెయ్యో వంతు సందు ఉండాలని. అంటే 50 మిల్లీమీటర్ల జర్నల్‌కి 0.05. నీదాంట్లో అంత ఉండదు, పైగా కంపెనీ చెప్పింది చిక్కటి 10డబ్ల్యూ-60 ఆయిల్. అందుకే ఆయిల్ వేడెక్కేదాకా తొక్కొద్దు అనేది. ఆర్‌పీఎం మీటర్ చుట్టూ పసుపు లైట్లు వెలిగి, ఆయిల్ వేడెక్కే కొద్దీ పైకి జరుగుతాయే, అవి దీపావళికి పెట్టినవి కావు. కూలెంట్ వేడెక్కిందంటే ఆయిల్ వేడెక్కిందని కాదు, ఆయిల్ ఎప్పుడూ వెనకే వస్తుంది. డిప్‌స్టిక్ కూడా లేని ఇంజిన్ చేశారు మహానుభావులు, కాబట్టి ఆ స్క్రీన్ మీద లెవెల్ చూడటం అలవాటు చేసుకో.

శబ్దం గురించి అడిగావు. ట్యాపెట్ల (వాల్వులని నొక్కేవి) చప్పుడు సన్నగా, పైనుంచి, క్రాంక్ రెండు చుట్లకి ఒకసారి వస్తుంది. రాడ్ కొడితే అది లోతుగా, కిందనుంచి, లోపల ఎవరో చెక్కసుత్తితో తలుపు తట్టినట్టు ఉంటుంది, ఆర్‌పీఎంతో పాటే పెరుగుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీసిన క్షణంలో ఇంకా బాగా తెలుస్తుంది. పిస్టన్ చప్పుడైతే ఇంజిన్ వేడెక్కాక తగ్గుతుంది, రాడ్ చప్పుడు వేడెక్కితే పెరుగుతుంది, ఆయిల్ పలచబడుతుంది కదా. ఒక్కో సిలిండర్‌నీ ఆపి చూడు, ఏది ఆపితే చప్పుడు మెత్తబడిందో అక్కడే జబ్బు. క్రాంక్‌ని బ్లాక్‌లో మోసే మెయిన్ బేరింగ్ అయితే అంత తేలిగ్గా దొరకదు.

కానీ చెవిని నమ్మకు. చెవి వినే టైముకి సగం అయిపోయి ఉంటుంది. ప్రతి ఆయిల్ మార్పుకీ ఫిల్టర్‌లోని కాగితం కోసి, మడతలు విప్పి, ఎండలో చూడు. రాగి రంగు మెరుపు కనిపిస్తే అది బేరింగే. అయస్కాంతం పెట్టు, బేరింగ్ పూత అంటుకోదు, ఉక్కు అంటుకుంటుంది. ఆయిల్ ల్యాబ్‌కి పంపితే రాగి, సీసం, తగరం, ఇనుము ఎంతెంతో చెప్తారు. ఒక రిపోర్టుతో ఏమీ తేలదు, మూడు నాలుగు వరసగా పెట్టి చూస్తే ఏది ఎగబాకుతోందో తెలుస్తుంది. ఇంకోటి, నీ ఇంజిన్‌కి మొదట్లో సీసం ఉన్న బేరింగులు వేశారు, తర్వాత సీసం లేనివి వేశారు. ఏవి ఉన్నాయో తెలియకుండా "సీసం లేదు, బాగుంది" అనుకున్నావంటే మోసపోతావు.

ఆయిల్ లైటు సంగతి విడిగా చెప్పాలి. అది చెప్పాలంటే మీ నాన్న కారు గురించి చెప్పాలి.

మీ హాల్లో ఒక పాత ఫోటో ఉంటుంది చూడు, మీ నాన్న బానెట్ మీద చెయ్యేసి నవ్వుతూ, చిన్న రెండు సీట్ల కారు. అది ఏమైందని నువ్వు చిన్నప్పుడు అడిగితే "అమ్మేశాను" అన్నాడట. అమ్మాడు, తుక్కు కింద. కారణం నేను.

అప్పుడు నాకు 24 ఏళ్లు, చేతిలో స్పానర్ ఉంటే భూమి ఆనేది కాదు. అన్నయ్య మూడేళ్లు కూడబెట్టి ఆ కారు కొని, తాళం నా చేతిలో పెట్టి "నువ్వు చూసుకుంటావు కదరా" అన్నాడు. కొన్నాళ్లకి రాడ్ కొట్టడం మొదలైంది. నేనే పట్టుకున్నాను, ప్లగ్ వైర్లు ఒక్కోటీ లాగి, మూడో సిలిండర్ అని. చాంబర్ దించితే మూడోదాని చిప్ప నిజంగానే పైపూత అరిగి రాగి తేలి ఉంది. క్రాంక్ లేత్‌కి పంపి గ్రైండ్ చేయించి, పావు మిల్లీమీటర్ అండర్‌సైజ్ చిప్పలు (సన్నబడ్డ క్రాంక్‌కి సరిపోయేవి) వేసి, ఎంత ముచ్చటగా బిగించానో. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఒక్కటి వదిలేశాను. ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్. మార్చాలని తెలుసు. డబ్బు అన్నయ్యని అడగాలి, అప్పటికే బోలెడు ఖర్చు పెట్టించాను, నోరు రాలేదు. అందులో పెట్రోలు పోసి కుదిపి, గాలి కొట్టి, తెల్లగా వస్తోంది కదా అని మళ్లీ బిగించాను.

నాలుగొందల కిలోమీటర్లు బ్రహ్మాండంగా నడిచింది. ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆగితే ఆయిల్ లైటు మిణుగురులా మినుకుమంది. సెన్సర్ అనుకున్నాను. అనుకోలేదు రా, అనుకోవాలని అనుకున్నాను. మర్నాడు ఐడిల్ స్క్రూ తిప్పి ఒక 200 ఆర్‌పీఎం పెంచాను, లైటు ఆరిపోయింది. ఆరదా మరి, పంపు గట్టిగా తిరిగితే ప్రెషర్ పెరుగుతుంది, చిప్ప మధ్య సందు మాత్రం అలాగే ఉంది. తర్వాత సన్నగా చప్పుడు మొదలైతే చిక్కటి ఆయిల్ పోశాను. చప్పుడూ పోయింది. ఎంత హాయిగా పడుకున్నానో ఆ రాత్రి.

పదకొండు రోజులు. మధ్యలో అన్నయ్య అడిగాడు, "ఏదో చప్పుడు వస్తోంది కదరా?" అని. "ట్యాపెట్లు అన్నయ్యా, ఆదివారం సర్దుతాను" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది, అదే గొంతుతో.

ఆదివారం అన్నయ్యే నడుపుతున్నాడు, నేను పక్కన. లారీని దాటబోతూ మూడో గేర్‌లో తొక్కాడు. సుత్తితో బిందెని కొట్టినట్టు ఒక్క దెబ్బ, రాడ్ తెగి బ్లాక్ చీల్చుకుని బయటికొచ్చింది, ఆయిల్ సైలెన్సర్ మీద పడి పొగ, ఆ ఆయిలే వెనక చక్రం కిందకీ వెళ్లింది. కారు సగం చుట్టు తిరిగి రోడ్డు పక్కన మట్టిలో ఆగింది. అన్నయ్య క్లచ్ ఎప్పుడు తొక్కాడో ఏమో గానీ, తొక్కాడు కాబట్టి ఇది రాస్తున్నాను. పొగలోంచి "నీకేం కాలేదు కదరా?" అని అడిగాడు. కారు గురించి ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

వారం తర్వాత ఆ కూలర్‌ని హాక్‌సా బ్లేడుతో కోసి చూశాను. మడతల నిండా బంగారు రజను లాగా మెరుస్తోంది. నేను కడిగానని అనుకున్నదంతా అక్కడే ఉంది, కొంచెం కొంచెంగా కొత్త చిప్పల్లోకి వెళ్లింది.

కాబట్టి విను. చాలా కార్లలో ఆ లైటు ప్రెషర్ అర బార్ చుట్టుపక్కలకి పడిపోతే గానీ వెలగదు. నీ కారులో ప్రెషర్ మీటర్ లేదు, ఉన్నది ఆయిల్ వేడి చూపించేది. ఒక మీటర్ పెట్టించుకో. వేడెక్కిన ఇంజిన్‌కి ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకీ 10 పీఎస్‌ఐ అన్నది పాత మోటు లెక్క, కంపెనీ అంకె దొరికితే అదే పట్టుకో. లైటు వెలిగినా, లోతు చప్పుడు విన్నా, ఇంజిన్ అక్కడే ఆపు. ఇల్లు రెండు కిలోమీటర్లే ఉన్నా సరే. లాగే బండిని పిలువు. నువ్వు అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తుతాను, డబ్బు కావాలన్నా చెప్పు, మొహమాటపడితే చెవి మెలేస్తాను, ఎంత ఎదిగినా.

పని విషయానికి వస్తే, క్యాపులు (రాడ్ అడుగున బిగించే సగం ముక్కలు) ఏ రాడ్‌వి ఆ రాడ్‌కే, అదే దిక్కులో. ఒక్కసారికి ఒక్క సిలిండరే విప్పు. బోల్టులు కొత్తవి, బిగించే పద్ధతి ఆ బోల్టులు చేసినవాళ్లు చెప్పినట్టే, చేతి అంచనా పనికిరాదు. ప్లాస్టిగేజ్ (నలిగి వెడల్పయ్యే సన్నటి ప్లాస్టిక్ తీగ) పెట్టి సందు కొలిచేటప్పుడు క్రాంక్ తిప్పావో, ఆ తీగ చెరిగిపోతుంది, మళ్లీ మొదలు. జర్నల్ మీద గోరు పెట్టి లాగు, గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆగిపో, కొత్త చిప్పలు వేసి లాభం లేదు, క్రాంక్ బయటికి రావాలి. చిప్ప వెనక నూనె చుక్క ఉండకూడదు, ముందు మాత్రం అసెంబ్లీ లూబ్ దండిగా పెట్టు. స్టార్ట్ చేసే ముందు ఇంధనం, స్పార్క్ ఆపేసి, ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌తో తిప్పు.

తీసిన పాత చిప్పలు పారెయ్యకు. సిలిండర్ నంబరు, పైదా కిందిదా రాసి వరసగా పెట్టి ఫోటో తీసి పంపు. బూడిద రంగు సమంగా ఉంటే సంతోషం. రాగి తేలినా, గీతలున్నా, ఒక అంచే అరిగినా నాకు చెప్పకుండా ఇంకో బోల్టు ముట్టుకోకు. లోహం ముక్కలు కనిపిస్తే మాత్రం ఆయిల్ కూలర్ కొత్తది. కడిగితే పోతుందని ఎవరు చెప్పినా సరే.

నీ ఫ్రెండ్ పాత పోర్షే బాక్స్‌స్టర్ చూస్తున్నాడన్నావు. వాడి కథ వేరు. అందులో 2008 దాకా వచ్చిన ఇంజిన్లకి ఇంటర్మీడియట్ షాఫ్ట్ (క్రాంక్ నుంచి క్యామ్‌షాఫ్ట్‌లని తిప్పే నడిమి ఇరుసు) చివర ఒక బాల్ బేరింగ్ ఉంటుంది, 2000 నుంచి 2005 మధ్య వచ్చిన ఒంటి వరసదానికి పేరు బాలేదు. అది చప్పుడు చెయ్యకుండానే పోవచ్చు, ఫిల్టర్‌లో అయస్కాంతానికి అంటుకునే పొడి కనిపిస్తే అదృష్టం అనుకోవాలి. క్లచ్ మార్చేటప్పుడే అదీ మార్పించుకోమను. 2006 నుంచి 2008 దాకా వచ్చిన పెద్ద బేరింగ్ మాత్రం క్రాంక్‌కేస్, అదే ఇంజిన్ ఒళ్లు, విప్పితే గానీ రాదు. 2009 నుంచి వచ్చిన కొత్త ఇంజిన్లలో ఆ షాఫ్టే లేదు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఫోన్లో వినిపిస్తానన్నావు. ఫోన్లో లోతు చప్పుడు పట్టుకోదు రా, పైగా నాకు ఎడమ చెవి సరిగా వినపడటం లేదు, వదినకి చెప్పకు. నేనే వస్తాను. తేదీ ఖాయం చేసి చెప్పు, నేను దిగేదాకా తాళం తిప్పకు. మీ నాన్నని కూడా కిందకి పిలువు, ఆ రోజు నేను ఆయనతో ఒక మాట మాట్లాడాలి.

మీ బాబాయ్