కాలిఫోర్నియాలో ఒక హ్యాండ్‌గన్‌కి కాగితాలు పెట్టాక రెండోదానికి ఎన్నాళ్లు ఆగాలి?

మీరు అడిగింది ఇది: శాన్‌హోజేలో ఉంటున్నారు, గ్రీన్‌కార్డు ఉంది. 2026 ఏప్రిల్ 4, శనివారం మొదటి హ్యాండ్‌గన్‌కి షాపులో కాగితాలు పెట్టారు, అది ఇంకా చేతికి రాలేదు. రెండోదానికి ఇప్పుడే అప్లై చేయొచ్చా, లేక మొదటిది ఇంటికి తెచ్చుకున్న రోజు నుంచి నెల లెక్కపెట్టాలా? పైగా తమ్ముడికి ఒకటి ఇవ్వాలని, హెచ్-1బీ మీద ఉన్న స్నేహితుడితో కలిసి రేంజికి వెళ్లాలని ఉంది.

సూటిగా జవాబు: ఇప్పుడే అప్లై చేయొచ్చు. మొదటిది చేతికి వచ్చిందా లేదా అన్నది రెండోదానికి అడ్డం కాదు. అందరూ తికమకపడేది ఒక్కచోటే. ఇక్కడ రెండు వేర్వేరు నిబంధనలున్నాయి, జనం రెంటినీ కలిపి ఒకటే అనుకుంటారు. ఒకటి పది రోజుల నిరీక్షణ. అది డెలివరీకి సంబంధించింది. రెండోది 30 రోజుల్లో ఎన్ని కొనొచ్చన్న పరిమితి. అది అప్లికేషన్‌కి సంబంధించింది. రెంటికీ లెక్క మొదలయ్యేది మాత్రం ఒకే క్షణంలో: డీలర్ మీ డ్రాస్‌ని, అంటే మీ కొనుగోలు రికార్డుని, కంప్యూటర్లో స్టేట్ న్యాయశాఖకి సబ్మిట్ కొట్టినప్పుడు. మీరు డబ్బు కట్టినప్పుడు కాదు, గన్ ఇంటికి తెచ్చుకున్నప్పుడూ కాదు.

ముందు పది రోజుల సంగతి. చట్టంలో పది రోజులంటే పది నిండు 24 గంటలు, అంటే 240 గంటలు. మీ డ్రాస్ శనివారం మధ్యాహ్నం 3:40కి వెళ్లిందనుకోండి. ఏప్రిల్ 14, మంగళవారం 3:40 దాటాకే గన్ ఇస్తారు. ఆ రోజు పొద్దున పదింటికే వెళ్లి "పదో రోజు వచ్చేసింది కదా" అంటే లాభం లేదు, సిస్టమే ఒప్పుకోదు. ఆదివారాలు, సెలవులు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఫ్లోరిడా నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ పొరబడుతుంటారు, ఎందుకంటే అక్కడి మూడు రోజుల లెక్కలో శని ఆదివారాలు, సెలవులు తీసేస్తారు. టెక్సాస్ నుంచి వచ్చినవాళ్లకైతే ఈ నిరీక్షణే కొత్త.

అడ్వాన్సు ఇచ్చి గన్ పక్కన పెట్టించుకున్నా గడియారం కదలదు. ఆన్‌లైన్లో ఆర్డర్ పెట్టినా అంతే: గన్ మీ ఊరి డీలర్ దగ్గరికి చేరాలి, మీరు వెళ్లి డ్రాస్ పెట్టాలి, అప్పుడు పది రోజులు మొదలు. అందుకే ఆన్‌లైన్ బేరంలో మిగిలిందనుకున్నది డీలర్ ట్రాన్స్‌ఫర్ ఫీజుకీ, ఈ ఆలస్యానికీ పోతుంది. పైగా వేరే రాష్ట్రంలో అమ్మే మోడల్ కాలిఫోర్నియా రోస్టర్‌లో, అంటే రాష్ట్రం ఆమోదించిన హ్యాండ్‌గన్‌ల జాబితాలో, లేకపోతే డీలర్ మామూలు కొనుగోలుదారుకి ఇవ్వలేడు. కొనేముందే రోస్టర్‌లో మోడల్ నంబరుతో సహా చూసుకోవాలి, ఒకే పేరుతో రోస్టర్‌లో ఉన్నవీ లేనివీ ఉంటాయి.

"నాకు ఇప్పటికే గన్ ఉంటే మళ్లీ పది రోజులు ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. సబబైన ప్రశ్నే, కోర్టుకి కూడా వెళ్లింది. 2016లో సిల్వెస్టర్ వర్సెస్ హారిస్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు, పాత కొనుగోలుదారులకి కూడా నిరీక్షణ పెట్టడం చెల్లుతుందని తేల్చింది. కాబట్టి మీ రెండో గన్‌కీ విడిగా పది రోజులుంటాయి. మొదటి నిరీక్షణలో ఇది కలిసిపోదు, కానీ రెండూ పక్కపక్కనే నడుస్తాయి. ఈ రాష్ట్రంలో నిరీక్షణ కొత్తదేమీ కాదు: 1923లో ఒక రోజు, 1955లో మూడు, 1965లో ఐదు, 1975లో పదిహేను, 1997 నుంచి పది.

ఇక పరిమితి. 2000 నుంచి నెలకి ఒకే హ్యాండ్‌గన్ అన్న నియమం ఉండేది. 2024 నుంచి దాన్ని అన్ని రకాల తుపాకులకీ వర్తింపజేశారు. 2025 జూన్‌లో న్యూయెన్ వర్సెస్ బొంటా కేసులో తొమ్మిదో సర్క్యూట్ అది రాజ్యాంగ విరుద్ధమంది. ఆ తర్వాత శాసనసభ ఏబీ 1078 చట్టంతో 2026 ఏప్రిల్ 1 నుంచి 30 రోజుల్లో మూడు అన్న పరిమితి పెట్టింది. ఆన్‌లైన్లో మీకు కనబడే సమాధానాల్లో సగం పాత "నెలకి ఒకటి" కాలం నాటివే, అందుకే ఇంత గందరగోళం. ఈ విషయం మళ్లీ మారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కనుక, రెండోదానికి వెళ్లే రోజు స్టేట్ న్యాయశాఖ తుపాకుల విభాగం వెబ్‌సైటు ఒకసారి తెరిచి చూడండి.

30 రోజులంటే క్యాలెండర్ నెల కాదు, జరుగుతూ పోయే కిటికీ. ఉదాహరణకి ఏప్రిల్ 4న ఒకటి, ఏప్రిల్ 10న రెండు పెట్టారనుకోండి, కోటా అయిపోయింది. "మే వచ్చింది కదా" అని మే 1న వెళ్తే కుదరదు. ఏప్రిల్ 4 నాటిది కిటికీలోంచి జారిపోయేది మే 4 దాటాక. మే 5న వెళ్తే నిశ్చింత, అప్పుడైనా ఒక్కటే, ఎందుకంటే ఏప్రిల్ 10 నాటి రెండూ ఇంకా లెక్కలోనే ఉంటాయి. షాపు మార్చి ప్రయోజనం లేదు, డ్రాస్‌లన్నీ ఒకే రాష్ట్ర రికార్డులోకి వెళ్తాయి.

రెండు హ్యాండ్‌గన్‌లు ఒకే డీలర్ దగ్గర వరుసగా ఐదు పనిదినాల్లోపు మీకు డెలివరీ అయితే, ఆ డీలర్ ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కి ఒక రిపోర్టు పంపాలి. అది మామూలు కాగితం, తప్పు చేసినట్టు కాదు. దాన్ని తప్పించుకోవడానికి తేదీలు సర్దమని డీలర్ని అడగడం మాత్రం తెలివైన పని కాదు.

పది రోజులు కాస్తా ఇంకా సాగేది ఎక్కడంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ తేలనప్పుడు. "డిలేడ్" అని వస్తే డ్రాస్ పెట్టిన రోజు నుంచి 30 రోజుల దాకా న్యాయశాఖ గడువు తీసుకోవచ్చు. అప్పటికీ తేలకపోతే "అన్‌డిటర్మిన్డ్" అంటారు, ఇవ్వాలా వద్దా అన్నది డీలర్ ఇష్టం. చాలా షాపులు ఇవ్వవు, అది ముందే అడిగి తెలుసుకోండి. దీనికి మామూలుగా కారణం పాత అరెస్టు ఒకటి రికార్డులో ఉండి, కేసు ఎలా ముగిసిందో నమోదు కాకపోవడం. కేసు కొట్టేసినా సరే, ఆ కోర్టు నుంచి తీర్పు కాపీ తెచ్చి రికార్డు సరిచేయించుకుంటే తప్ప రెండోసారి కొన్నప్పుడూ అదే తంతు.

మనవాళ్లకి ప్రత్యేకంగా తగిలే చిక్కులు పేర్లలో, అడ్రసుల్లో ఉంటాయి. ఇంటిపేరు, పెట్టిన పేరు డ్రైవింగ్ లైసెన్సు మీదా గ్రీన్‌కార్డు మీదా ఒకేలా ఉండాలి. ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే కౌంటర్ దగ్గరే ఆగిపోతుంది. కొనేటప్పుడు షాపులో నింపే ఫెడరల్ 4473 ఫారంలో మిడిల్ నేమ్ లేనివాళ్లు ఆ గడి ఖాళీ వదలకూడదు, "ఎన్ఎంఎన్" అని రాయాలి. గ్రీన్‌కార్డు మీద ఉన్న ఏలియన్ నంబరు కూడా అందులో రాయాలి కాబట్టి కార్డు వెంట తీసుకెళ్లండి. లైసెన్సు మీద "ఫెడరల్ లిమిట్స్ అప్లై" అని ఉంటే, దేశంలో చట్టబద్ధంగా ఉన్నట్టు రుజువు కోసమూ అదే కార్డు పనికొస్తుంది.

అడ్రసు విషయం ఇంకాస్త మెలిక. హ్యాండ్‌గన్‌కి కాలిఫోర్నియాలో నివాసం రుజువు విడిగా అడుగుతారు, దానికి గత మూడు నెలల్లోపు కరెంటు బిల్లో, అద్దె ఒప్పందమో సరిపోతుంది. కానీ మీరు ఈమధ్య ఇల్లు మారి లైసెన్సు మీద పాత అడ్రసే ఉంటే, 4473కి ఆ కరెంటు బిల్లు పనికిరాదు. ప్రభుత్వం ఇచ్చిన కాగితం కావాలి, కొత్త అడ్రసుతో ఉన్న కారు రిజిస్ట్రేషన్ లాంటిది. అందరూ బిల్లు పట్టుకెళ్లి తిరిగొచ్చేది ఇక్కడే.

మొదటిసారి తీసుకున్న ఎఫ్ఎస్‌సీ, అంటే భద్రతా పరీక్ష సర్టిఫికెట్, ఐదేళ్లు పనిచేస్తుంది. 30 ప్రశ్నల్లో 23 సరైతే చాలు, 25 డాలర్లు. రెండో గన్‌కి మళ్లీ రాయక్కర్లేదు. డ్రాస్ ఫీజు 37.19 డాలర్లు మాత్రం మళ్లీ కట్టాలి, 2024 జులై నుంచి 11 శాతం ఎక్సైజ్ పన్ను కూడా ఉంది, 600 డాలర్ల గన్ మీద అదే 66. సేఫ్ హ్యాండ్లింగ్ ప్రదర్శన, అంటే గన్‌ని భద్రంగా పట్టుకుని వాడి చూపించడం, డెలివరీకి ముందు డీలర్ ఎదుట చేయాలి. ఆమోదిత జాబితాలో ఉన్న లాక్ కావాలి. లాక్ బయట కొన్నదైతే, గత 30 రోజుల్లోపు కొన్నట్టు రసీదు చూపించాలి.

డెలివరీకి పై గడువు కూడా ఉందని చాలామందికి తెలీదు. డ్రాస్ పెట్టిన 30 రోజుల్లోపు తీసుకోకపోతే అది రద్దవుతుంది, మళ్లీ ఫీజు, మళ్లీ పది రోజులు. వేసవిలో ఇండియా టికెట్లు బుక్ చేసుకుని మధ్యలో డ్రాస్ పెట్టేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. మీది మే 4 దాకా సాగదీయకండి. తెచ్చుకునేటప్పుడు గన్‌లో తూటా ఉండకూడదు, తాళం వేసిన పెట్టెలోనో కారు డిక్కీలోనో పెట్టాలి. గ్లవ్ బాక్సుకి తాళం ఉన్నా అది లెక్కలోకి రాదు.

తమ్ముడి సంగతి: అతనిచ్చిన డబ్బుతో మీ పేరున కొంటే అది స్ట్రా పర్చేజ్, ఫెడరల్ నేరం. 4473లో అసలు కొనుగోలుదారు మీరేనా అని అడిగే ప్రశ్న ఇందుకే. మీ డబ్బుతో కొని కానుకగా ఇద్దామన్నా, కాలిఫోర్నియాలో డీలర్ లేకుండా కుటుంబంలో చేతులు మార్చే వెసులుబాటు తల్లిదండ్రులు-పిల్లలు, తాతమనవలు, భార్యాభర్తల మధ్యే ఉంది. అన్నదమ్ములు అందులో లేరు. అతనే వచ్చి తన పేరున డ్రాస్ పెట్టుకోవాలి, వయసు 21 నిండి ఉండాలి. మీ భార్యకైతే ఆమె ముందు ఎఫ్ఎస్‌సీ తీసుకుని, 30 రోజుల్లోపు 19 డాలర్లతో స్టేట్ న్యాయశాఖకి రిపోర్టు పంపాలి.

హెచ్-1బీ స్నేహితుడి విషయంలో గట్టిగా చెప్తాను. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. రేంజిలో అద్దెకి తీసుకుని కాసేపు పట్టుకున్నా నిషేధం వర్తిస్తుంది. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, అది లేకుండా మాత్రం తీసుకెళ్లకండి. అతనికి పోయేది ఒక సాయంత్రం సరదా కాదు, ఇమిగ్రేషన్ కేసే. ఇదే కారణంతో మీ ఇంట్లో హెచ్-4 మీద ఎవరైనా ఉంటే, గన్ ఉన్న సేఫ్ తాళంగానీ కోడ్‌గానీ వాళ్ల చేతికి ఇవ్వొద్దు. ఎలాగూ 2026 జనవరి 1 నుంచి, మీ ఒంటి మీదో అందుబాటులోనో లేనప్పుడు గన్‌ని ఇంట్లో తాళంలోనే ఉంచాలన్న చట్టం అమల్లో ఉంది. మొదటిది ఇంటికి రాకముందే, రెండూ పట్టే సేఫ్ ఒకటి చూసుకోండి.