మెదడు గురించి మన ఊళ్లో మాట్లాడబోయే ముందు

గుణుపూర్, ఒడిశా

అమ్మలూ,

ఆశీస్సులు. సైన్సు దినోత్సవం నాడు మన తెలుగు సంఘంలో మెదడు, రోగనిరోధక శక్తి గురించి మాట్లాడతావట, మీ నాన్న చెప్పాడు. బరంపురంలో ఎమ్మెస్సీ చదివే పిల్ల వస్తోందని ఇక్కడ అప్పుడే హడావుడి మొదలైంది. టెన్షన్ పడకు. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

మెదడు బొమ్మతో కాదు, జ్వరంతో మొదలుపెట్టు. ఒళ్లు కాలిపోతుంటే అన్నం సయించదు, పలకరిస్తే విసుగు, పడుకుంటే చాలనిపిస్తుంది. అది బద్ధకం కాదనీ, రోగనిరోధక కణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్ల వంటి రసాయనాల కబురు అందుకుని మెదడే మనల్ని అలా పడుకోబెడుతుందనీ చెప్పు. జ్వరమొచ్చిన కోడలు నటిస్తోందనుకున్న అత్తగార్లు కూడా సభలో ఉంటారులే, వినాల్సిన మాటే.

ఆ తర్వాత మెదడుకీ రోగనిరోధక శక్తికీ ఉన్న సంబంధం మీద పరిశోధన చేసే జొనాథన్ కిప్నిస్ సంగతి ఎత్తుకో. 2004లోనే ఆయనా, తోటివాళ్లూ టి-కణాలు అనే ఒక రకం రోగనిరోధక కణాలు లేని చిట్టెలుకలు నేర్చుకోవడంలో వెనకబడతాయనీ, ఆ కణాలు ఎక్కిస్తే మెరుగుపడతాయనీ చూపించారు. మెదడుకీ రోగనిరోధక వ్యవస్థకీ పొత్తు లేదని చాలామంది నమ్మిన రోజుల్లో అది వినడానికే వింతగా ఉండేది. దీన్ని క్లుప్తంగా చెప్పి, 2015 దగ్గర మాత్రం తీరిగ్గా ఆగు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో కిప్నిస్ ల్యాబులో ఆంట్వాన్ లూవో చిట్టెలుక మెదడును కప్పి ఉంచే పొరల్లో లింఫ్ నాళాలు, అంటే ఒంట్లోని లింఫ్ ద్రవాన్నీ రోగనిరోధక కణాలనూ మోసే సన్నని గొట్టాలు, చూశాడు. అవి మెడలోని లింఫ్ గ్రంథుల దాకా పోతాయి. పాఠ్యపుస్తకాల్లో అప్పటిదాకా అవి లేనే లేవు.

ఎలా కనిపించాయో చెప్పకపోతే ఈ కథలో సగం పోయినట్టే. పొరను ఒలిచాక రసాయనంలో గట్టిపరచడం కాకుండా, పుర్రె చిప్పకు అంటుకుని ఉండగానే గట్టిపరిచి, ఆ తర్వాత ఒలిచాడు. కాలకముందే పెసరట్టు తిప్పబోతే ఏమవుతుందో మన ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. అలా ఒలిచిన పొరను మైక్రోస్కోపు కింద పెడితే, రోగనిరోధక కణాలు నాళాల్లో ఉన్నట్టు బారులు తీరి కనిపించాయి. అదే ఏడాది హెల్సింకీలో అలిటాలో బృందం కూడా విడిగా ఇదే ప్రకటించింది. 1787లోనే ఇటలీలో మస్కాన్యీ అనే శరీరనిర్మాణ శాస్త్రవేత్త ఇలాంటి నాళాలున్నాయని రాశాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఆ ముసలాయన పేరు చెప్పడం మరిచిపోకు, నాకు ఇష్టుడు.

మనుషుల్లో ఉన్నాయా అని ఎవరో ఒకరు అడుగుతారు. 2017లో ఎమ్మారై స్కానుల్లో కనిపించాయని చెప్పు. మతిమరుపుకి మందు దొరికిందా అని అడిగితే మాత్రం తొందరపడకు. 2018లో ముసలి చిట్టెలుకల్లో ఈ నాళాల పనితీరు పెంచితే జ్ఞాపకం మెరుగైంది. చిట్టెలుకల్లో అని నొక్కి చెప్పు. లేకపోతే మర్నాడే ఎవడో ఇమ్యూనిటీ పొడి అమ్మడానికి నీ పేరు వాడుకుంటాడు. మన బజారు సంగతి నీకు తెలియంది కాదు.

ఇక మలేరియా. చుట్టూ కొండ ఊళ్లున్న ఈ చోట ఆ ప్రశ్న రాక మానదు. 2017లో ఒడిశా ప్రభుత్వపు మలేరియా నిర్మూలన కార్యక్రమం 'దమన్' మొదలయ్యాక ఊళ్లలోకే వచ్చి రక్తపరీక్షలు చేస్తున్నారు గానీ, భయం పూర్తిగా పోలేదు. ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియాలో పరాన్నజీవి చేరిన ఎర్ర కణాలు మెదడులోని సన్నని రక్తనాళాల గోడలకు అంటుకుపోతాయి. ఇది ఇందాకటి జ్వరపు మగత లాంటిది కాదని విడదీసి చెప్పాలి. జ్వరంలో పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గునియా, అంటే ఊరి మంత్రవైద్యుడి దగ్గరికి వెళ్లేవాళ్లను వెక్కిరించకు. వెక్కిరిస్తే ఆ తర్వాత నువ్వు చెప్పేదేదీ వినరు. ముందు ఆసుపత్రికి, పూజ తర్వాత చేసుకోండి అను, ఒప్పుకుంటారు.

ఈ మలేరియా సంగతి ఒక్కటీ ఒడియాలో కూడా చెప్పు, సవర హాస్టల్ పిల్లలు వస్తామన్నారు. ప్రొజెక్టర్‌ని నమ్ముకోకు, కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. నల్లబల్ల ఉంది, రంగు సుద్దముక్కలు నేను తెస్తాను.

మీ పెదనాన్న